ఫాస్ఫరస్ బైండర్ మాత్రలు: బరంపురం నుంచి రాయగడ దాకా షాపుల్లో దొరికేవాటిలో ఏది ఎవరికి సరిపోతుంది

డయాలసిస్ బెడ్ల దగ్గర తరచూ వినపడే ఫిర్యాదు ఇది: "రోజుకు ఆరు మాత్రలు మింగుతున్నా ఫాస్ఫరస్ ఏడు దిగడం లేదు, కంపెనీ మార్చి రాయండి." కంపెనీ మారుతుంది. నెల తిరిగేసరికి రిపోర్టులో మళ్లీ ఏడే. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో, తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టే ఈ బైండర్ మాత్రలకు పెట్టే ఖర్చు తక్కువేం కాదు. అందుకే వీటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ఎంత పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బ తింటుందో రాస్తున్నాం. బ్రాండు పేర్ల జోలికి పోవడం లేదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరే అసలు విషయం.

ముందుగా మా తీర్పు. రక్తంలో కాల్షియం మామూలుగా ఉండి, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు కాల్షియం అసిటేట్ 667 మంచి మందు. కాల్షియం పై అంచున ఉన్నవాళ్లకు, రక్తనాళాల్లో సున్నం పేరుకున్నట్టు ఎక్స్‌రేలోనో ఎకోలోనో తేలినవాళ్లకు, పి.టి.హెచ్. (ఎముకల పనిని నడిపే పారాథైరాయిడ్ హార్మోను) బాగా తక్కువగా ఉన్నవాళ్లకు సెవెలమర్ కార్బొనేట్. మాత్రల సంఖ్య చూసి విసిగిపోయినవాళ్లకు లాంథనం, నమిలే ఓపిక ఉంటేనే. ఈ మూడింటిలో ఏదైనా సరే, అన్నంతో కాకుండా విడిగా మింగితే డబ్బు దండగ.

మాత్ర చేసే పని, దాని లెక్క

బైండర్ రక్తంలోకి వెళ్లి ఫాస్ఫరస్‌ను తగ్గించదు. పేగులో, తిన్న తిండి నుంచి విడుదలయ్యే ఫాస్ఫేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. తిండి కడుపులో ఉన్నప్పుడు మాత్ర కూడా అక్కడే ఉండాలి. భోజనమైన రెండు గంటలకు "మరిచిపోయాను" అని వేసుకున్న మాత్రకు పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

పెద్దవాళ్లలో రక్తంలోని ఫాస్ఫరస్ డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మామూలు. పిల్లలకు ఎముకలు పెరిగే వయసు కాబట్టి సహజంగానే ఇంకా ఎక్కువ ఉంటుంది. పెద్దల అంకెతో పోల్చి పిల్లల రిపోర్టు చూసి బెంగ పడకూడదు. డయాలసిస్ రోగులకు 3.5–5.5 మధ్య ఉంచాలన్నది 2003లో వచ్చిన అమెరికా మార్గదర్శకాల మాట. అంతర్జాతీయ కిడ్నీ సంస్థ కేడిగో 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒక అంకె గీయకుండా, పెరిగినదాన్ని మామూలు స్థాయి వైపు దించమంటాయి. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకు, ఫాస్ఫరస్ వరసగా పెరుగుతూ పోతేనో పెరిగినచోటే నిలబడితేనో మందు మొదలుపెట్టమంటాయి. ఒక్క రిపోర్టులో 4.7 కనిపించిందని బైండర్ కొనుక్కోవడం తొందరపాటు.

ఇప్పుడు లెక్క. ఒక మనిషి రోజుకు 1000 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తింటాడనుకుందాం. అందులో సుమారు 60 శాతం, అంటే 600, ఒంటికి పడుతుంది. వారానికి 4200. నాలుగు గంటల డయాలసిస్ ఒకసారికి తీసేది దాదాపు 800. వారానికి మూడుసార్లు చేయించుకుంటే 2400 పోతుంది, 1800 మిగులుతుంది. రోజుకు 250 పైచిలుకు. మన వైపు దూరాభారం వల్లా, బెడ్డు దొరకకా చాలామంది రెండుసార్లతో సరిపెట్టుకుంటారు. అప్పుడు పోయేది 1600, మిగిలేది 2600. రోజుకు 370. మూత్రం ఇంకా వస్తున్నవాళ్లకు అందులో కొంత పోతుంది. ఆగిపోయినవాళ్లకు ఈ భారం మొత్తం మాత్ర మీదే పడుతుంది.

667 మి.గ్రా. కాల్షియం అసిటేట్ మాత్ర ఒకటి పట్టేది 30 మిల్లీగ్రాముల దగ్గర. 370ని 30తో భాగిస్తే పన్నెండు మాత్రలు. ఒక్కో మాత్రలో అసలు కాల్షియం 169 మి.గ్రా. పన్నెండు మాత్రలంటే 2000 మి.గ్రా. దాటిపోయింది. బైండర్ల ద్వారా రోజుకు 1500 మి.గ్రా. కాల్షియం మించకూడదని పైన చెప్పిన 2003 మార్గదర్శకాలు అంటాయి, కేడిగో ఇంకా తగ్గించమనే చెబుతుంది. అంటే ఎనిమిది మాత్రల దగ్గరే గోడ అడ్డం. తిండిలో 1000ని 800కు దించితే లెక్క ఎలా మారుతుందో చూడండి: రోజుకు మిగిలేది 250కి వస్తుంది, ఎనిమిది మాత్రలు దాదాపు సరిపోతాయి. తిండిలో తగ్గిన 200 మిల్లీగ్రాములు నాలుగు మాత్రలతో సమానం. వారానికి రెండు డయాలసిస్‌లతో నెట్టుకొస్తున్న మనిషికి మాత్ర ఒక్కటే గట్టెక్కించదని చెప్పడానికే ఇదంతా. మూడో డయాలసిస్ దొరికే దారి ఉంటే ఏ ఖరీదైన బైండర్ కన్నా అదే మేలు.

కాల్షియం అసిటేట్ 667

చవక, దాదాపు ప్రతి పట్టణంలోనూ దొరుకుతుంది, కడుపులో ఆమ్లం ఎక్కువైనా తక్కువైనా కరుగుతుంది. ఈ చివరి గుణం ముఖ్యం. కిడ్నీ రోగుల్లో చాలామంది గ్యాస్ మాత్ర వేసుకుంటారు. పాంటోప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. కాల్షియం కార్బొనేట్ కరగాలంటే ఆమ్లం కావాలి కాబట్టి దాని పని సగంలో ఆగిపోతుంది. అసిటేట్‌కు ఆ ఇబ్బంది తక్కువ. మాత్ర కొంచెం పెద్దది, స్ట్రిప్పు విప్పితే వెనిగర్ వాసన కొద్దిగా వస్తుంది. పాడైందని పారేయకండి, అది దాని సహజ వాసన.

షాపులో జరిగే పొరపాటు ఒకటి గట్టిగా చెప్పాలి. చీటీలో కాల్షియం అసిటేట్ 667 అని ఉంటే, స్టాకు లేనప్పుడు "ఇదీ కాల్షియమే" అని కాల్షియం కార్బొనేట్ 500తో విటమిన్ డి3 కలిసిన ఎముకల మాత్ర చేతిలో పెడతారు. అది రెండు విధాల తప్పు. ఆ 500 అన్నది అసలు కాల్షియం లెక్క, అంటే మూడు అసిటేట్ మాత్రల కాల్షియం ఒక్కదానిలోనే వచ్చేస్తుంది. పైగా విటమిన్ డి పేగు నుంచి కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ రెండింటినీ ఎక్కువగా లోపలికి లాగుతుంది. ఫాస్ఫరస్ తగ్గించమని వెళ్లిన మనిషికి అది పెంచే మందు దక్కినట్టు. డాక్టరు విడిగా క్యాల్సిట్రియోల్ (విటమిన్ డి చురుకైన రూపం) రాసి ఉంటే దాని సంగతి వేరు. పి.టి.హెచ్. చూసి ఇచ్చే మందు అది. ఫాస్ఫరస్, కాల్షియం బాగా పెరిగితే దాన్ని తగ్గించడమో ఆపడమో డాక్టరే చేస్తారు.

ఇంకో పొరపాటు రాత్రి పడుకునే ముందు వేసుకోవడం. ఖాళీ కడుపున పడ్డ కాల్షియం ఫాస్ఫేట్‌ను పట్టుకోదు, తానే రక్తంలోకి ఎక్కుతుంది. కొన్ని నెలలకు కాల్షియం పై అంచైన 10.2ను దాటొచ్చు. మలబద్ధకం, వికారం, మందకొడితనం, ఒక్కోసారి మాట తడబడడం. ఇవి కనిపిస్తే డయాలసిస్ నీరసమని సర్దుకోకుండా కాల్షియం పరీక్ష చేయించాలి. ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) తక్కువగా ఉన్నవాళ్లకు రిపోర్టులోని కాల్షియం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలిపి చూడాలి. ఆల్బుమిన్ 3, కాల్షియం 9.6 అని ఉంటే నిజానికి 10.4. కాగితం మీద పచ్చ రంగులో ఉన్న అంకె లోపల ఎర్రగా ఉందన్నమాట. పి.టి.హెచ్. 150 కంటే తక్కువ ఉన్నవాళ్లు కూడా ఈ మందుకు దూరంగా ఉండాలి. వాళ్ల ఎముక కాల్షియాన్ని తీసుకోదు, అది రక్తనాళాల గోడలకు చేరుతుంది.

సెవెలమర్: 400, 800

ఇందులో కాల్షియం గానీ ఏ లోహం గానీ లేదు. ఒంటికి పట్టని ఒక పాలిమర్, పేగులో ఫాస్ఫేట్‌ను అంటించుకుని బయటికి పోతుంది. అమెరికాలో హైడ్రోక్లోరైడ్ రూపం 1998లో, కార్బొనేట్ రూపం 2007లో అనుమతి పొందాయి. కిడ్నీ రోగి రక్తం ఎలాగూ ఆమ్లం వైపు వాలి ఉంటుంది. హైడ్రోక్లోరైడ్ దాన్ని ఇంకాస్త వాల్చుతుంది, కార్బొనేట్‌కు ఆ దోషం లేదు. కొనేటప్పుడు స్ట్రిప్పు మీద కార్బొనేట్ అన్న మాట చూసి తీసుకోండి. అదనపు లాభం ఒకటుంది: చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గుతుంది.

బలం విషయంలో అంచనాలు సరిగ్గా పెట్టుకోవాలి. 800 మి.గ్రా. మాత్ర ఒకటి పట్టేది సుమారు 21 మిల్లీగ్రాములు. 667 కాల్షియం అసిటేట్ కంటే తక్కువే. ఖరీదు చాలా ఎక్కువ. ఖరీదైనది కాబట్టి బలమైనదని అనుకోవడం తప్పు. కాల్షియం పెంచకపోవడానికే ఆ ధర. 2002లో వెలువడిన ట్రీట్ టు గోల్ పరిశోధనలో కాల్షియం బైండర్లు వాడినవాళ్లకు రక్తనాళాల్లో సున్నం పెరిగింది, సెవెలమర్ వాడినవాళ్లలో అంతగా పెరగలేదు. 2007లో వచ్చిన డీకార్ అనే పెద్ద పరిశోధన మాత్రం మొత్తం మరణాల్లో తేడా చూపించలేకపోయింది. కాబట్టి కాల్షియం మామూలుగా ఉన్న మనిషి అప్పు చేసి సెవెలమర్ కొనాలని మేం చెప్పం. కాల్షియం 10 దగ్గర ఉన్న మనిషి చవక అని అసిటేట్ వాడుతుంటే మాత్రం వద్దని చెబుతాం.

మొదలుపెట్టే మోతాదు సాధారణంగా ఇలా ఉంటుంది: ఫాస్ఫరస్ 5.5–7.5 మధ్య ఉంటే పూటకు 800 చొప్పున మూడు పూటలు, అంతకు మించితే పూటకు 1600. రెండు వారాలకోసారి చూసి పూటకు 800 చొప్పున పెంచడమో తగ్గించడమో. ఇక్కడే షాపు దగ్గర జరిగే రెండో పొరపాటు. 800 లేదని 400 స్ట్రిప్పు ఇస్తారు, ఇంట్లో మాత్రల లెక్క మాత్రం మారదు. మోతాదు సగమైంది, నెలాఖరు రిపోర్టులో మందు పనిచేయలేదని తేలుతుంది. 400 తెస్తే పూటకు రెండు వేసుకోవాలి. స్ట్రిప్పు మీద అంకె చూడకుండా షాపు మెట్లు దిగొద్దు.

ఈ మాత్రకు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఒక మాత్రను చెంచా నీళ్లలో వేసి పది నిమిషాలు వదిలితే మెత్తబడి పొంగి పిండిముద్దలా తయారవడం కళ్లారా చూడొచ్చు. అందుకే దీన్ని నమలకూడదు, విరవకూడదు, నోట్లో నానబెట్టకూడదు. గొంతులోనే ఉబ్బితే ప్రమాదం. మింగడం కష్టమైన పెద్దవాళ్లకు పొడి సాచెట్లు వస్తాయి. 0.8 గ్రాముల పొడికి 30 మిల్లీలీటర్లు, 2.4 గ్రాములకు 60 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, పొడి పూర్తిగా కరగదు కాబట్టి బాగా తిప్పి, అరగంట లోపు తాగేయాలి. ఆ నీళ్లు రోజు నీళ్ల లెక్కలో కలుస్తాయి. పేగులో అడ్డు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు సెవెలమర్ పనికిరాదు.

ఉబ్బే గుణం వల్ల నిల్వలోనూ జాగ్రత్త కావాలి. గోపాలపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తేమ ఇంట్లోకి ఊరికే వస్తుంది. వారం రోజుల మాత్రలు స్ట్రిప్పు నుంచి తీసి డబ్బాలో పోసుకునే అలవాటు ఈ మందుకు కుదరదు. వానాకాలంలో త్వరగా మెత్తబడి అంటుకుంటాయి. స్ట్రిప్పును కత్తెరతో గళ్లు గళ్లుగా కత్తిరించి, గళ్లు చిరగకుండా డబ్బాలో వేసుకోండి. వంటింటి గట్టు మీద, పొయ్యి పక్కన పెట్టొద్దు.

మిగతా మందులతో దీని తగాదా పెద్దది. థైరాయిడ్ మాత్రను ఇది పట్టేస్తుంది, కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. తెల్లవారి లేవగానే థైరాయిడ్ మాత్ర, టిఫిన్‌తో బైండర్ అనుకుంటే మధ్యలో ఒక గంటే ఉంటుంది. అలాంటివాళ్లు టిఫిన్ పూట బైండర్ వదిలేసి, మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు ఎక్కువ వేసుకునేలా డాక్టరుతో మాట్లాడాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే బైండర్‌కు రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత. జ్వరమో మూత్రంలో మంటో వచ్చి చిన్న క్లినిక్కులో ఆ మందు రాస్తే, బైండర్ వాడుతున్నట్టు చెప్పకపోతే యాంటీబయోటిక్ పనిచేయదు, తప్పు రోగం మీదికి పోతుంది. కిడ్నీ మార్పిడి అయి మైకోఫినోలేట్ వాడుతున్నవాళ్లు దాన్ని కనీసం రెండు గంటల ముందే వేసుకోవాలి.

లాంథనం, ఇనుము మాత్రలు

లాంథనం కార్బొనేట్ బరువుకు బలమైనది. ఒక గ్రాము లాంథనం దాదాపు రెండు గ్రాముల కాల్షియం కార్బొనేట్ చేసే పని చేస్తుంది. రోజుకు మూడు 500 మాత్రలతో మొదలవుతుంది, మాత్రల సంఖ్య తక్కువ. అయితే ఇది పూర్తిగా నమిలి పొడి చేసి మింగాల్సిన మందు. ముక్కలుగా మింగితే పనిచేయదు సరికదా పేగులో అడ్డం పడిన సందర్భాలున్నాయి. పళ్లు లేని పెద్దవాళ్లకు రోట్లో మెత్తగా నూరి ఇవ్వాలి. సుద్దముక్క నమిలినట్టుంటుందని చాలామంది రెండో వారానికే మింగడం మొదలుపెడతారు. ఇంట్లోవాళ్లు ఎదురుగా ఉండి చూడాలి. ఇది ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. కడుపు ఎక్స్‌రే తీసేవాళ్లకు ముందే చెప్పకపోతే ఆ మచ్చలు చూసి కంగారు పడతారు.

ఫెర్రిక్ సిట్రేట్ రక్తంలో ఇనుము కూడా పెంచుతుంది, మలం నల్లగా వస్తుంది. డయాలసిస్‌లో ఇనుము ఇంజెక్షన్లు పడుతున్నవాళ్లు ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించుకోకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. సుక్రోఫెర్రిక్ ఆక్సీహైడ్రాక్సైడ్ నమిలే మాత్ర, ఇనుము పెద్దగా ఒంటికి పట్టదు. ఈ రెండూ చిన్న ఊళ్లలో ఆర్డరు మీదే వస్తాయి, నెల మధ్యలో ఆగిపోతే అదే కష్టం.

కొనకూడనివి

పాతకాలపు అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఫాస్ఫేట్‌ను బాగా పట్టుకుంటుంది. కానీ కిడ్నీ పనిచేయని మనిషిలో అల్యూమినియం మెదడులో, ఎముకల్లో పేరుకుంటుంది. అదే మందు ఇప్పుడు గులాబి రంగు గ్యాస్ సిరప్‌ల రూపంలో ఇళ్లలోకి వస్తోంది. దానికి సిట్రేట్ ఉన్న మందు తోడైతే అల్యూమినియం ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. మెగ్నీషియం ఉన్న సిరప్‌లు కూడా వీళ్లకు మంచివి కావు. డయాలసిస్ రోగి ఇంట్లో ఈ సీసాలు ఉండకూడదు.

రెండోది ఇంకా ప్రమాదం. సెవెలమర్, కాల్షియం రెండూ మలబద్ధకం తెస్తాయి. నీళ్లు కొలిచి తాగే మనిషికి అది మరీ ఎక్కువ. ఇంట్లోవాళ్లు మందుల షాపుకు వెళ్లి ఎనిమా అడుగుతారు. షాపులో దొరికే చాలా ఎనిమాల్లో ఉండేది సోడియం ఫాస్ఫేట్. ఫాస్ఫరస్ దించడానికి వాడే మందు వల్ల వచ్చిన మలబద్ధకానికి ఫాస్ఫేట్‌నే లోపలికి ఎక్కించినట్టవుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఫాస్ఫరస్ ఒక్కసారిగా ఎగిసి, కాల్షియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నోటి ద్వారా తాగే సోడియం ఫాస్ఫేట్ మందుల వల్ల కిడ్నీలు దెబ్బతింటున్నాయని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మలబద్ధకానికి లాక్టులోజ్ అడగండి. ఇసబ్‌గోల్‌కు నీళ్లు ఎక్కువ కావాలి కాబట్టి అది మామూలు మనిషికే. డాక్టరు కొలనోస్కోపీ రాసినా సరే, పేగు శుభ్రం చేసే మందు ఏదో అడిగి, కిడ్నీ జబ్బు ఉన్న సంగతి ముందే చెప్పండి.

పూటకెన్ని, దేంతో

చీటీ మీద 1–1–1 అని ఉన్నా మన తిండి అలా పంచుకోదు. పొద్దున ఇడ్లీనో ఉప్మానో అయితే ఫాస్ఫరస్ తక్కువ. బరా–ఘుగుని అయితే కొంచెం ఎక్కువ, అయినా బఠాణీల్లో ఫాస్ఫరస్ మన పేగు సరిగ్గా విడగొట్టలేని ఫైటేట్ రూపంలో ఉంటుంది కాబట్టి సగం కూడా ఒంటికి పట్టదు. మధ్యాహ్నం చేపలో, గుడ్డులో, పాలలో ఉన్నది అంతకన్నా ఎక్కువ పడుతుంది. అసలు భారం మధ్యాహ్నం, రాత్రి మీదే. రోజుకు ఆరు మాత్రలైతే 1–3–2గా పంచుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఉపవాసం ఉన్న పూట మాత్ర వద్దు. రెండు ముద్దలు తిని సగం మాత్ర మింగేసి భోజనం మధ్యలో మిగతాది వేసుకుంటే ఇంకా బాగా కలుస్తుంది. సెవెలమర్‌ను విరవకూడదు కాబట్టి దానికి రెండు మాత్రలుంటే ఒకటి మొదట్లో, ఒకటి మధ్యలో.

గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి రైల్లో వచ్చి డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఆ రోజు దారిలో ఏదో ఒకటి తింటారు, మాత్రలు ఇంట్లో ఉంటాయి. బైండర్ స్ట్రిప్పు ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

తిండిలో తగ్గించడానికి మన వైపు ముందు చూడాల్సినవి నాలుగైదే. ముల్లుతో సహా నమిలే మెత్తళ్లు, ఎండుచేప, ఎండు రొయ్యపొట్టు. పకాళొ (చద్దన్నం) పక్కన ఇవి రోజూ ఉంటే ఏ బైండరూ నిలబడదు. ముల్లు తీసి తినే తాజా చేప ముక్క ఎంతో నయం. జీడిపప్పు 100 గ్రాములకు 550 పైన. పలాస దగ్గరే ఉంది కదా అని గుప్పెళ్లకొద్దీ తినే అలవాటు మానాలి. 200 మిల్లీలీటర్ల పాలలో 180–200 దాకా ఉంటుంది, ఛెనాతో చేసిన రసగుల్లా, ఛెనాపోడొ కూడా ఆ కోవలోవే. చోడి అంబలిలో ఫైటేట్ ఉన్నా పిండి 100 గ్రాములకు 200 పైనే ఉంటుంది, పలచగా కొంచెమే తాగాలి. వీటికి బదులు గుడ్డులో తెల్లసొన: ఒక గుడ్డు తెల్లసొనలో ప్రొటీన్ మూడున్నర గ్రాములుంటే ఫాస్ఫరస్ 5 మి.గ్రా. దగ్గరే. డయాలసిస్ మనిషికి ప్రొటీన్ తప్పక కావాలి. పప్పు, చేప, గుడ్డు మొత్తం మానేయించి ఫాస్ఫరస్ దించడం మనిషిని కూల్చడమే.

ఆహార పదార్థాల్లో కలిపే ఫాస్ఫేట్లు దాదాపు మొత్తం, 90 శాతం పైగా, ఒంటికి పట్టేస్తాయి. ప్యాకెట్ వెనక ఐ.ఎన్.ఎస్. 338 నుంచి 341 దాకా, 450, 451, 452 అన్న అంకెలు కనిపిస్తే అవే. నల్లటి కూల్‌డ్రింకుల్లో 338 ఉంటుంది. గడ్డకట్టించి అమ్మే రొయ్యల్లో, చీజ్‌లో, బేకింగ్ పౌడర్‌లో ఇవి కనబడతాయి. పిల్లల చేత ప్యాకెట్ చదివించండి, అంకెలు ఏ భాషలోనైనా ఒకటే.

రిపోర్టు నమ్మే ముందు

మందు మార్చే నిర్ణయమంతా రక్తపరీక్ష మీద ఆధారపడుతుంది కాబట్టి శాంపిల్ సరిగ్గా ఉండాలి. రక్తకణాల లోపల ఫాస్ఫేట్ బోలెడు ఉంటుంది. రక్తం తీశాక సీరం వేరు చేయకుండా గంటల తరబడి ఉంచితే, బస్సులో ఎండలో ప్రయాణం చేయిస్తే, కణాలు పగిలి అదంతా బయటికి వస్తుంది. 5.2 ఉన్న మనిషికి 6.8 వస్తుంది. చిన్న ఊరి కలెక్షన్ సెంటర్లో తీసి పెద్ద ఊరికి పంపే శాంపిల్‌కు ఈ ముప్పు ఎక్కువ. అక్కడే యంత్రంలో తిప్పి (సెంట్రిఫ్యూజ్ చేసి) సీరం పంపుతారా అని అడగండి. రిపోర్టులో హిమోలైజ్డ్ (కణాలు పగిలాయి) అని రాసి ఉంటే ఆ అంకెను పక్కన పెట్టి మళ్లీ తీయించండి.

రోజులో ఫాస్ఫరస్ పొద్దున తక్కువగా, మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా ఉంటుంది. డయాలసిస్ అయిన వెంటనే చూస్తే బాగా తక్కువ కనబడి, కొన్ని గంటల్లో మళ్లీ పైకి వస్తుంది. అందుకే ప్రతిసారీ ఒకే పద్ధతి: డయాలసిస్ మొదలుపెట్టే ముందు, వారంలో అదే రోజు, వీలైతే అదే ల్యాబు. రెండు రోజుల ఎడం తర్వాత వచ్చే సెషన్‌లో తీస్తే అంకె ఎక్కువే వస్తుంది. పోయిన నెల వారం మధ్యలో తీసి ఈ నెల ఎడం తర్వాత తీసి పోల్చకూడదు.

ఖర్చు తగ్గించే దారి

మాత్ర ధరను మాత్రతో కాకుండా అది పట్టే ఫాస్ఫరస్‌తో భాగించి చూడండి. కాల్షియం అసిటేట్ 667 ధరను 30తో, సెవెలమర్ 800 ధరను 21తో భాగిస్తే ఒక్కో మిల్లీగ్రాముకు ఎంత పడుతోందో తెలుస్తుంది. ఒకే మందును ఇద్దరు కంపెనీలవాళ్లు ఎంత తేడాతో అమ్ముతున్నారో కూడా అప్పుడే బయటపడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు ముందు ఉచిత మందులిచ్చే నిరామయ కౌంటరులో అడగాలి, అక్కడ లేకపోతే జన్ ఔషధి కేంద్రంలో. ఒక కేంద్రంలో లేదన్నా ఇంకో ఊరి కేంద్రంలో ఉండొచ్చు కాబట్టి ఫోన్ చేసి 400 ఉందో 800 ఉందో కనుక్కుని వెళ్లండి. కాల్షియం మామూలుగా ఉన్నా మాత్రలు ఎనిమిది దాటాల్సి వస్తున్నవాళ్లకు చాలామంది నెఫ్రాలజిస్టులు రెండూ కలిపి ఇస్తారు: చిన్న పూటలకు కాల్షియం అసిటేట్, పెద్ద భోజనానికి సెవెలమర్. కాల్షియం హద్దులో ఉంటుంది, సెవెలమర్ ఖర్చూ సగానికి వస్తుంది. ఈ పద్ధతి కుదురుతుందేమో అడగడానికి వెళ్లేటప్పుడు గత మూడు నెలల కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, పి.టి.హెచ్. రిపోర్టులతో పాటు వాడుతున్న అన్ని స్ట్రిప్పులూ, గ్యాస్ సిరప్ సీసాతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.